సీలొద్దు

పోయిన వారం కంటి డాక్టరుకి చూపించుకుందామని గాజువాకలో మద్దిలపాలెం వెళ్ళే సిటీ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. అది దొరికిన రోజు నేను ఎవరితోనూ గొడవ పడను. బస్సు కదలబోయి మళ్ళీ ఆగింది. రోడ్డు పక్కన ఎర్రగుడ్డల టెంటు, అందులో ప్లాస్టిక్ కుర్చీల్లో పదిమంది కాంట్రాక్టు కుర్రాళ్ళు. హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని వాదించుకుంటున్నారు. రాబోయే ఎన్నికల్లో విడిగా నిలబడాలా, పక్క యూనియన్‌తో కలవాలా అన్నది వాళ్ళ తగువు. ఒకడు లేచి, "ఓట్లు సీలిపోతాయిరా బాబూ! సీలితే మనం పోతాం!" అని అరిచాడు.

ఆ ముక్క చెవిన పడగానే కిటికీ సీటు వదిలేసి లేచి నిలబడ్డాను. యాభై దాటిన మనిషిని, ఇద్దరు కోడళ్ళని అదుపులో పెట్టుకున్నదాన్ని, ఒక్క మాటకి ఇలా అయిపోవడమేమిటని నా మీద నాకే కోపం వచ్చింది. పక్క స్టాపులో దిగిపోయాను. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్ళానో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఉక్కునగరంలో కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో ఉండేవాళ్ళం. మా అమ్మానాన్నలిద్దరివీ సముద్రం మీద బతికిన కుటుంబాలే. వల వదిలి ప్లాంటులోకి వచ్చిన మొదటి మనిషి నాన్న. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా తారు వాసన పోయేది కాదు. వంటింట్లోంచి నెత్తళ్ళ చేపల వేపుడు వాసన వచ్చేది. ఆ రెండూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. ఇప్పుడా క్వార్టరుకి తలుపులు కూడా లేవట, తుప్పలు మొలిచాయట. చూడ్డానికి నేను వెళ్ళలేదు.

సాయంత్రాలు మా వరండాలో సభ జరిగేది. సభ్యులు ఇద్దరే. ఒకరు నాన్న, రెండోవారు అమ్మకి పెద్దన్నయ్య. ఆయన్ని నేను మావ అనేదాన్ని. ఆయనా పర్మనెంటు ఉద్యోగే. ఇద్దరిదీ ఎర్రజెండానే, కానీ ఒకే జెండా కాదు. ఎప్పుడో పార్టీ రెండుగా విడిపోయినప్పుడు యూనియనూ రెండైంది. మా కాలనీలో వాటిని పెద్దెర్ర, చిన్నెర్ర అనేవారు. నాన్న పెద్దెర్ర, మావ చిన్నెర్ర. ఒకరినొకరు బావా అనుకుంటూ, ఒకే పళ్ళెంలో పకోడీలు తింటూ, గొంతు నరాలు ఉబ్బేలా పోట్లాడుకునేవారు.

"మీ పార్టీ మొన్న ఎన్నికల్లో డబ్బున్నోల్ల పార్టీతో సీట్లు సర్దుకోలేదేటి బావా? అదేటి వర్గ పోరాటం?" అనేవాడు మావ.

"మీరు ఒంటరిగా నిలబడి డిపాజిట్టు పోగొట్టుకోలేదేటి? అదేటి పోరాటం?" అనేవాడు నాన్న.

"అందికే దామాషా పద్దతి గావాలంతన్నాను. ఎన్నోట్లొస్తే అన్ని సీట్లు. పదిమందిలో నలుగురు ఓటేసినోడు మొత్తం పట్టుకెల్లిపోడమేటి? మిగతా ఆరుగురూ మనుసులు కాదా?"

"దామాషా ఎడితే ఆ గంట గుర్తు యూనియనోడు కూడా మన పక్కనే కుర్సీ ఏసుకుని కూసుంటాడు. ముందు మనం గెలవాల. తర్వాత పద్దతులు."

దామాషా అన్నది నాకు చాలాకాలం తమాషాగానే వినపడింది. తమాషా కావాలని మావ అంత కోపంగా ఎందుకు అడుగుతున్నాడో తెలిసేది కాదు. నేనూ మావ కూతురూ తలుపు వెనకాల కూర్చుని, 'వర్గం' అన్నమాట వచ్చినప్పుడల్లా ఒక చింతపిక్క పక్కన పెట్టేవాళ్ళం. మావ వంతు పిక్కలెక్కువైతే ఆ పిల్ల గెలిచినట్టు, నాన్న వంతు ఎక్కువైతే నేను. గెలిచినవాళ్ళకి మిగిలిన పకోడీ. నాన్న ఓడిపోతున్నాడనిపిస్తే వెళ్ళి, "నాన్నా, వర్గమంటే ఏటి?" అని అమాయకంగా అడిగేదాన్ని. ఆయన వివరంగా చెప్పేవాడు. నాకు ఐదారు పిక్కలు వచ్చి పడేవి.

ఆ సభలో మూడో మనిషి ఒకడుండేవాడు. మెట్టు మీద కూర్చునేవాడు గానీ మాట్లాడేవాడు కాదు. అమ్మకి చిన్నతమ్ముడు, నాకు చిన్నమావ. ప్లాంటులో బొగ్గు కాల్చే కోకు బట్టీల దగ్గర కాంట్రాక్టు పని. కంపెనీతో మాట్లాడే గుర్తింపు యూనియన్ని ఎన్నుకునే ఓటు పర్మనెంటు వాళ్ళకే ఉండేది, కాంట్రాక్టు వాళ్ళకి లేదు. నాన్నా మావా కొట్టుకున్నంతసేపూ అతను టీ గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూసేవాడు. "ఇంకొంచెం టీ ఉందేటప్పా?" అని అమ్మని అడగడం తప్ప ఆ వరండాలో అతని నోటి వెంట నేను విన్న మాటలు చాలా తక్కువ.

నిజానికి ఆ ఏడు వాదనంతా అతని గురించే. గుర్తింపు ఎన్నికలొచ్చాయి. పెద్దెర్రది టార్చిలైటు గుర్తు, చిన్నెర్రది గొడుగు, మూడో యూనియన్‌ది గంట. నెలాఖరుకి చిన్నమావ పనిచేసే కాంట్రాక్టు అయిపోతుంది. గెలిచిన యూనియన్ పట్టుబట్టి వాళ్ళ గ్యాంగు పేర్లు జాబితాలో పెట్టిస్తే ఉద్యోగాలు నిలుస్తాయి, మెల్లగా పర్మనెంటూ అవుతాయి. లేకపోతే కొత్త కాంట్రాక్టరు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. గంట వాళ్ళు ఆ ఊసే ఎత్తడం లేదు. ఎత్తేవాళ్ళు రెండెర్రలే. కానీ రెండూ పోటీలో ఉంటే ఓట్లు పంచుకుపోయి గంట గెలుస్తుందని ఎదురింటి పాలాయనకి కూడా తెలుసు.

మావ ఒక దారి చెప్పాడు. "కాంట్రాక్టు గ్యాంగు సంగతే మా మొదటి డిమాండు అని మీ యూనియను కాయితం మీద రాసియ్యాల బావా. ఉట్టి సంతకం కాదు, యూనియను సీలు గావాల. సీలున్న కాయితం వస్తే మా కమిటీని నాను ఒప్పిత్తాను. మా ఓల్లందరూ టార్చిలైటుకే ఏస్తారు."

"నా మాట మీద నమ్మకం లేదేటి?"

"నీ మీదుంది. మీ సెక్రటరీ మీద లేదు."

అలా ఆ వారమంతా మా ఇంట్లో సీలు, సీలు అన్నదే మాట. నాన్న రెండు రోజులు సైకిలు మీద సెక్రటరీ ఇంటి చుట్టూ తిరిగాడు. కాంట్రాక్టు వాళ్ళని ముందు పెడితే పర్మనెంటు వాళ్ళు ఓట్లు మానేస్తారని సెక్రటరీ బెంగ. ఒకసారి లేడనిపించాడు, ఒకసారి స్నానంలో ఉన్నాడనిపించాడు. చివరికి, "సరే, పోలింగు ముందురోజు అయిదింటికి రా, వేస్తాను" అన్నాడట. ఆ కబురు చెప్పినప్పుడు నాన్న మొహంలో సంతోషం లేదు. అవమానం ఉంది. నాకది బాగా గుర్తు.

ఇక్కడ నా బడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడ మొదలైంది. టౌన్‌షిప్ బడిలో మా తెలుగు టీచరు మా యాసకి శత్రువు. 'నాను' అంటే బెంచీ ఎక్కించేది. 'సేపలు' అన్నానని ఒకసారి క్లాసంతటి చేతా 'చేపలు, చేపలు' అనిపించింది. నేను ఏడవలేదు, పంతం పట్టాను. ఆ ఏడు పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడాలని ఒట్టేసుకున్నాను. ఇంట్లో కూడా 'నాన్నగారూ, మామయ్య వచ్చారు' అనేదాన్ని. అమ్మ నవ్వేది. నాన్న మాత్రం మురిసిపోయేవాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

పోలింగు ముందురోజు మధ్యాహ్నం బడి నుంచి వస్తున్నాను. మావ రెండు గంటల షిఫ్టుకి వెళ్తున్నాడు. షిఫ్టు బస్సు మలుపు దగ్గర నెమ్మదించగానే కిటికీలోంచి తల బయటపెట్టి, నన్ను చూసి కేకేశాడు.

"ఓసే గుంటా! మీ నాన్నకి సెప్పు! కాయితం బేగి పంపమను! సీలొద్దు! సీలొద్దని మరీ మరీ సెప్పమన్నానని సెప్పు!"

బస్సు వెళ్ళిపోయింది. మావ చేతిలో సద్ది కేరేజీ ఊగుతూ కనిపించింది.

ఓట్లు చీలొద్దు అన్నాడాయన. మా వాళ్ళ నోట్లో చకారం పలకదు కాబట్టి అది సీలొద్దు అయింది. ఇవాళ రాస్తుంటే ఎంత తేలిగ్గా ఉందో చూడండి. వారం రోజులుగా సీలు సీలు అని వింటున్న నా చెవికి మాత్రం సీలు వద్దనే వినపడింది. అంతవరకూ నా తప్పు చిన్నదే. ఇంటికి పరిగెత్తి, మావ అన్నది అన్నట్టుగా 'సీలొద్దన్నాడు' అని చెప్పి ఉంటే, నాన్న మా మనిషే కనక అర్థం చేసుకునేవాడేమో. నేను అలా చెప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడి, టీచరు మెచ్చుకునే తెలుగులో, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఇచ్చి చెప్పాను.

"నాన్నగారూ, కాగితం త్వరగా పంపమన్నారు మామయ్య. దానిమీద సీలు అవసరం లేదన్నారు."

'అవసరం లేదు' అన్నది నా సొంత కవిత్వం.

నాన్న అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఆగిపోయింది. "నిజంగా అన్నాడా?"

"అన్నారు. మరీ మరీ చెప్పమన్నారు."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇన్నావేటే? మీ అన్నియ్య నన్ను నమ్మినాడే. సీలక్కర్లేదంట. నా సంతకం సాలంట." ఆ రోజు ఇంకో గరిటెడు పులుసు వేయించుకున్నాడు. ఇంక ఆ సెక్రటరీ గడప తొక్కక్కర్లేదన్న నిశ్చింత కూడా అందులో ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఇంత సంతోషం నా వల్లే వచ్చిందని గర్వపడుతున్నాను.

కాగితం చిన్నమావ చేతికిచ్చి, గాజువాకలో చిన్నెర్ర వాళ్ళ ఆఫీసు గదిలో ఇచ్చి రమ్మన్నాడు నాన్న. ఆరింటికి కమిటీ కూర్చుంటుంది. మావ షిఫ్టులో ఉంటాడు కాబట్టి ఉండడు. చిన్నమావ మడత విప్పి చూశాడు. అతనికి చదువు పెద్దగా రాదు, గుండ్రటి ముద్ర ఉందో లేదో మాత్రం తెలుస్తుంది.

"ఇందుల సీలేదీ బావా?"

"మీ అన్న వద్దన్నాడ్రా. నీకు తెల్దు గానీ పట్టుకెల్లు."

అతను సైకిలెక్కాడు. తన ఉద్యోగం తన చొక్కా జేబులోనే ఉంది. గదిలో కాగితం తీసుకుని, "ఇది మెంబర్ల మీటింగు, నువ్వు బయటుండు" అన్నారట. బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. లోపల వాళ్ళు ముద్ర లేని కాగితం చూసి, పెద్దెర్ర మళ్ళీ మోసం చేసిందని తీర్మానించుకుని, గొడుగుకే ఓటెయ్యమని అందరికీ కబుర్లు పంపేశారు. బయట నిలబడ్డవాణ్ణి ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదు.

మర్నాడు పోలింగు. ఆ మర్నాడు మధ్యాహ్నం లెక్కింపు అయిపోయింది. గంట గెలిచింది. టార్చిలైటుకీ గొడుగుకీ వచ్చినవి కలిపితే గంట ఎక్కడో కింద ఉండేది. కాలనీలో టపాకాయలు కాల్చారు. అమ్మ పొయ్యి మీద చేపలు పెట్టి, అవి మాడుతున్నా లేవకుండా కూర్చుంది.

నాలుగింటికి, షిఫ్టు మానేసి, మావ వచ్చాడు. చెప్పులు విప్పలేదు. మెట్ల కిందే నిలబడ్డాడు. అది చూసే నాకు భయం వేసింది, ఆయన ఎప్పుడూ మెట్ల కింద ఆగే మనిషి కాదు.

"సీలొద్దని కబురెట్టినాను కదా బావా! మరీ మరీ సెప్పినాను కదా!"

"సీలొద్దన్నావనే కదా ఎయ్యలేదు!" అన్నాడు నాన్న.

"ఏటి ఎయ్యలేదు?"

"సీలు! నువ్వే వద్దన్నావు. నీ మాట మీదే కాయితం అలగ పంపినాను. మీ ఓల్లు మాట తప్పీసినారు."

"నానా? సీలు వద్దంటానా నాను? అబద్దం నా నెత్తి మీద రుద్దుతన్నావా?"

"అబద్దమేటి? సీలొద్దు అన్నావా లేదా?"

"అన్నాను! అదే కదా ఏడుత్తన్నాను, సీలొద్దన్నానని!"

ఇద్దరూ ఒకే మాట అరుస్తున్నారు. ఒకరిది చీలిక, ఒకరిది ముద్ర. ఇద్దరికీ రెండోవాడు వెక్కిరిస్తున్నాడనే అనిపిస్తోంది. తలుపు వెనకాల నిలబడిన నాకు మాత్రం ఒక్కసారిగా అర్థమైపోయింది. రెండు తెలుగులు నేర్చిన చెవి ఆ ఇంట్లో నాదొక్కదే. ముందుకొచ్చి ఒక్క ముక్క చెబితే చాలు. తలుపు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. అంత పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"ఇంక ఈ గుమ్మం ఎక్కను" అని మావ వెళ్ళిపోయాడు. చిన్నమావ మెట్టు మీద నుంచి లేచి, ఒకసారి అన్న వైపూ ఒకసారి నాన్న వైపూ చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

రాత్రంతా జ్వరం వచ్చినట్టు పడుకున్నాను. పొద్దున్నే నాన్న వరండాలో సేఫ్టీ బూట్లు తుడుచుకుంటుంటే వెళ్ళి చెప్పేశాను. యాసలోనే చెప్పాను. "మావ సీలొద్దు అన్నాడు నాన్నా. ఓట్లు సీలొద్దని. నానే సీలనుకున్నాను."

తుడుస్తున్న గుడ్డ ఆగింది. తిడతాడనుకున్నాను. కొడితే బావుండునని కూడా అనుకున్నాను.

"ఎవులికైనా సెప్పినావా?"

"లేదు."

"సెప్పకు." గుడ్డ మళ్ళీ కదిలింది. "ఇప్పుడు సెప్పి ఏటి లాభం? ఓట్లు మల్లీ ఎయ్యరు. సీలెయ్యకుండా కాయితం పంపినాది మనమని తప్పంతా మన యూనియను మీదికొస్తాది. నువ్వు సిన్నపిల్లవి, నిన్నెవులూ అనరు. పెద్ద మావకి నాను సమయం సూసి సెప్తాను."

ఆ సమయం రాలేదు. నెలాఖరుకి చిన్నమావ గ్యాంగు మొత్తం గేటు పాసులు వాపసు ఇచ్చేసింది. అతను ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి బోటు ఇంజన్ల పనిలో పడ్డాడు. రెండు యూనియన్లూ ఏటేటా కరపత్రాల్లో ఎదుటివాడి ద్రోహం గురించి రాసుకున్నాయి. నేను రెండూ చదివేదాన్ని. రెండూ నా గురించే రాసినట్టుండేవి. మా నాన్న అబద్ధాలకోరు కాదు, ఆకలితో ఉన్నవాడికి తన కేరేజీ ఇచ్చేసే మనిషి. ఆయన మీద ప్రేమ తగ్గలేదు గానీ, వరండాలో ఆయన వర్గం అన్నప్పుడల్లా నేను లేచి లోపలికి వెళ్ళిపోవడం మొదలుపెట్టాను. ఆయన పోయాక కూడా చెప్పలేదు. ఒకసారి దాచిన మాటకి కాపలా కాయడం అలవాటైపోయింది. నిరుడు మావ కూడా పోయాడు.

ఆ రోజు బస్సు దిగి ఆటోలో హార్బరుకి వెళ్ళాను. చిన్నమావకి డెబ్బై దాటింది. షెడ్డులో పాత ఇంజను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. డీజిలూ ఎండుచేపల వాసనా కలిసి కొడుతోంది. నన్ను చూసి, "ఏటమ్మా, ఎండన పడి వచ్చినావు?" అని స్టూలు జరిపాడు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. మావ కేక, నా పుస్తకం తెలుగు, ముద్ర, చీలిక, అన్నీ.

అతను ఇంజను వైపే చూస్తూ విన్నాడు.

"అయితే మా అన్న అబద్దమాడలేదా?" అన్నాడు చివరికి.

"లేదు చిన్నమావా."

"ఇద్దరిలో ఎవులో ఒకలు అబద్దమాడినారనుకున్నాను. బావ అలాటోడు కాడు. అన్నేమో పార్టీ పిచ్చోడు. అన్నే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆదివారం ఆదివారం మీ ఇంటికి సేపలట్టుకొచ్చినాను గాని, ఆడి గుమ్మం తొక్కలేదు. నిరుడు ఆడు పోతే పాడె మొయ్యమన్నారు. నాను ముట్టలేదు."

స్టూలు మీద కూలబడ్డాను.

"బావకి తెల్సా ఇది?"

"తెలుసు. మర్నాడే చెప్పాను."

అతను చేతిలో ఉన్న పానా కింద పెట్టాడు. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. నా మీద కోపం లేదని మొహం చూస్తే తెలిసింది, అందుకే ఇంకా కష్టంగా ఉంది.

"పదకొండేళ్ళ గుంటవి, నిన్నేటంటాను?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆ వరండాలో ఎప్పుడూ మాట్లాడని మనిషి, మెల్లగా అన్నాడు. "నాకు ఓటు లేదు గానమ్మా, సెవులున్నాయి కదా. నాకెందుకు సెప్పలేదు మీరు?"